వేడి మీద మొండికేసే ఇంజిన్

వోల్ఫ్స్‌బుర్గ్ స్టేషన్‌లో రైలు దిగి కాలువ అవతలికి చూస్తే, ఇటుక గోడల పైన నాలుగు పొగగొట్టాలు వరుసగా కనిపిస్తాయి. ముత్తంగి, ఇస్నాపూర్, పాశమైలారం దారుల్లో సైకిలు తొక్కి పెరిగినవాడికి పొగగొట్టం కనబడితే పరాయి ఊరన్న బెంగ కొంచెం తగ్గుతుంది. ఈ వ్యాసంలోని మనిషిది పటాన్‌చెరు. వాళ్ల బాపు పారిశ్రామికవాడలో లేతు మీద పనిచేశాడు. ఇతను చదువుకని జర్మనీ వచ్చి, బ్రౌన్‌ష్వైగ్‌లో ఉండిపోయాడు. పటాన్‌చెరుకు సంగారెడ్డి ఎంత దూరమో, బ్రౌన్‌ష్వైగ్‌కు వోల్ఫ్స్‌బుర్గ్ దాదాపు అంతే దూరం.

రెండేళ్ల కింద ఇతను ఒక పాత బండి కొన్నాడు. 1981 నాటి గోల్ఫ్ జీటీఐ. పొద్దున చలిలో ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. దారిలో బంకు దగ్గర పది నిమిషాలు ఆపితే మాత్రం ఎంత సెల్ఫ్ కొట్టినా పలకదు. బాపుకు ఫోన్ చేస్తే ఆయన మొదట అడిగింది ఒక్కటే: "కార్బురేటర్ ఇప్పి సూసినవా?"

ఈ బండికి కార్బురేటరే లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే ఇతను చాలా వెనక నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.

వోల్ఫ్స్‌బుర్గ్ పాత ఊరు కాదు. 1938 మేలో హిట్లర్ ఫోక్స్‌వాగన్ ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేశాడు, దాని కోసమే జూలైలో ఊరు పుట్టింది. ప్రజలకు చవక కారు ఇస్తామని చెప్పి డబ్బు కట్టించుకున్నారు. యుద్ధం వచ్చాక అక్కడ తయారైనవి సైన్యం బండ్లు. యుద్ధకాలంలో దాదాపు 20,000 మందిని పట్టుకొచ్చి వెట్టిచాకిరీ చేయించారు. ఆ సంగతి ఇక్కడ దాచిపెట్టరు: ఫ్యాక్టరీ లోపలి పాత బాంబు షెల్టర్లలోనే 1999లో స్మారక ప్రదర్శన ఏర్పాటు చేశారు. 1945 మేలో ఊరి పేరు మారి వోల్ఫ్స్‌బుర్గ్ అయింది. ఆగస్టులో బ్రిటిష్ మేజర్ ఐవాన్ హర్స్ట్ వచ్చి శిథిలాల మధ్య బీటిల్ కారు తయారీని నిలబెట్టాడు. 1962 నుంచి ఇటలీ కార్మికులు రైళ్లలో దిగారు. పటాన్‌చెరు చుట్టుపక్కల బస్తీల్లో బిహార్, ఒడిశా కుర్రాళ్లు గదుల్లో సర్దుకున్నట్టే వాళ్లూ చెక్క బరాకుల్లో సర్దుకున్నారు.

ఆ ఊరికి అన్నం పెట్టింది బీటిల్. ఇంజిన్ వెనక, చల్లబరచడానికి గాలి, రూపంలో పెద్ద మార్పు లేదు. 1972 ఫిబ్రవరిలో అది ఫోర్డ్ మోడల్ టీ రికార్డును దాటింది. అప్పటికే దాని రోజులు దగ్గరపడ్డాయి. మనకు అంబాసిడర్‌తో ఏం జరిగిందో ఇక్కడ బీటిల్‌తో అదే జరిగింది. తేడా ఏమిటంటే ఇక్కడ పోటీ ఉంది, కాబట్టి దెబ్బ తొందరగా తగిలింది. 1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు బిగించాయి. నవంబరు 25 నుంచి డిసెంబరు 16 దాకా నాలుగు ఆదివారాలు పశ్చిమ జర్మనీలో సొంత కార్లు తియ్యడం నిషేధం. ఆటోబాన్‌ల మీద జనం సైకిళ్లు తొక్కారు, నడిచారు. 1974లో ఫోక్స్‌వాగన్ నష్టం 80 కోట్ల 70 లక్షల మార్కులు. ఆ ఏడు జూలై 1న వోల్ఫ్స్‌బుర్గ్‌లో బీటిల్ తయారీ ఆగిపోయింది. దాని చోట్లోకి ముందు ఇంజిన్‌తో, నీళ్లతో చల్లబడే గోల్ఫ్ వచ్చింది.

ఇక జీటీఐ సంగతి. బండ్లను పరీక్షించే ఇంజినీరు ఆల్ఫోన్స్ లోవెన్‌బెర్గ్ 1973 మార్చిలో, చమురు గొడవకు ముందే, "మనకొక స్పోర్ట్స్ కారు కావాలి" అంటూ తోటివాళ్లకు చీటీ రాశాడు. పైవాళ్లకు చెప్పకుండా కొందరు జట్టు కట్టారు. పత్రికా వ్యవహారాలు చూసే ఆంటోన్ కోన్రాడ్ ఇంట్లో సమావేశాలు జరిగాయట. పెట్రోలు దొరకని కాలంలో వేగం గురించి గుసగుసలాడటం విడ్డూరమే. అయినా 1975 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో దాన్ని చూపించారు, 1976లో అమ్మారు, ధర 13,850 మార్కులు. అనుకున్నది 5,000 కార్లు. మొదటి తరంలోనే అమ్ముడైనవి 4,61,690. సీట్ల మీది గళ్ల బట్ట, గోల్ఫు బంతి లాంటి గేరు పిడి గున్‌హిల్డ్ లిల్యెక్విస్ట్ అనే మహిళా డిజైనర్ ఆలోచనలు.

ఇంజిన్ మాత్రం ఫోక్స్‌వాగన్ సొంతం కాదు. అరవైల్లో కొన్న ఆడి కంపెనీలో, లుడ్విగ్ క్రౌస్ నడిపిన విభాగం 1972 నాటి ఆడి 80 కోసం చేసిన కుటుంబంలోది. బీటిల్ కట్టిన ఇంటిని కోడలు పుట్టింటి నుంచి తెచ్చిన సొమ్ము కాపాడిందన్నమాట. పోత ఇనుము బ్లాకు, అల్యూమినియం హెడ్, హెడ్ పైన ఒక్క క్యామ్ షాఫ్టు, దాన్ని తిప్పే పళ్ల బెల్టు. నాలుగు సిలిండర్లు, ఎనిమిది వాల్వులు. బోరు 79.5 మిల్లీమీటర్లు, స్ట్రోకు 80, మొత్తం 1,588 సీసీ. కంప్రెషన్ 9.5. నిమిషానికి 6,100 తిరుగుళ్ల దగ్గర 110 గుర్రాల బలం. బండి బరువు 810 కిలోలే, అందుకే గంటకు 182 కిలోమీటర్లు పోయేది. 1982లో బోరు 81, స్ట్రోకు 86.4 చేసి 1,781 సీసీకి పెంచారు. బలం 112కు మించలేదు కానీ కింది తిరుగుళ్లలో పికప్ బాగుపడింది. పైకి లాగినకొద్దీ అరిచే 1600 ఇంజినే అసలైనదని వాదించేవాళ్లు ఇక్కడ ఇప్పటికీ ఉన్నారు. మనవాడూ ఆ గుంపులోవాడే, తన దగ్గరున్నది అదే కాబట్టి.

కార్బురేటర్ బదులు దీనికి పెట్టింది బాష్ కంపెనీ కె-జెట్రానిక్. కె అంటే జర్మన్‌లో ఎడతెగకుండా అని. కంప్యూటర్ లేదు. లోపలికి పీల్చే గాలి ఒక పళ్లేన్ని ఎత్తుతుంది, పళ్లెం ఒక చిన్న ప్లంజర్‌ను ఎత్తుతుంది, ప్లంజర్ ఎంత లేస్తే అంత పెట్రోలు నాలుగు ఇంజెక్టర్లకు ధారగా పోతుంది. తక్కెడలో ఒకవైపు గాలి, ఒకవైపు పెట్రోలు. లేతు మీద బతికిన బాపుకు ఇది వెంటనే అర్థమైంది. "మంచిగుంది గదా, మిషిన్ లెక్కనే ఉంది" అన్నాడు.

జబ్బులు కూడా ఆ తక్కెడ నుంచే పుడతాయి. గాలి లెక్క తప్పితే పెట్రోలు లెక్క తప్పుతుంది. ఇంజెక్టర్ల చుట్టూ రబ్బరు రింగులు ఎండి గట్టిపడితే, పళ్లేన్ని దాటుకుని దొంగ గాలి దూరుతుంది, ఐడ్లింగ్ ఊగుతుంది. దీనికొక పాత పరీక్ష ఉంది: ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తియ్యాలి. ఇంజిన్ తడబడాలి. ఏమీ పట్టనట్టు తిరుగుతుంటే గాలి ఇంకెక్కడి నుంచో ముందే వస్తోందని అర్థం.

తర్వాతి పేచీ తుప్పు. పెట్రోలు పోసే గొట్టం లోపల తుప్పు పట్టి, పొరలు రాలి ట్యాంకులో పడతాయి. ఆ పొడి ముందు పంపును, తర్వాత ప్లంజర్‌ను పట్టేస్తుంది. ఇక్కడ చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, బయట నుంచి అదొకటి. పైగా 2011 నుంచి బంకుల్లో పదిశాతం ఇథనాల్ పెట్రోలు వచ్చింది. ఇథనాల్ నీళ్లను పీల్చుకుంటుంది. చలికాలమంతా షెడ్డులో పడుకునే బండికి అది మంచిది కాదు, పాత రబ్బరు పైపులకూ కాదు. ఈ20 పోయించుకుని పాత బైకు గురించి గొణిగే సంగారెడ్డి వాసికి ఈ బాధ వివరించనక్కర్లేదు.

వేడి మీద స్టార్టు కాకపోవడానికి కారణం మరొకటి. పంపు దాదాపు అయిదు బార్ల ఒత్తిడి నిలుపుతుంది. ఇంజిన్ ఆపాక కూడా పైపుల్లో కొంత ఒత్తిడి మిగలాలి, లేకపోతే బానెట్ కింది వేడికి పెట్రోలు పైపుల్లోనే ఆవిరైపోతుంది. ఆ ఒత్తిడిని పట్టి ఉంచేవి రెండు: పంపులోని ఒక చిన్న వాల్వు, వెనక చక్రం ముందు పంపు పక్కనే ఉండే అక్యుమ్యులేటర్ అనే డబ్బా. లోపలి పొర చిరిగితే డబ్బా ఖాళీ. బండి అమ్మినాయన కొత్త బ్యాటరీ వేసి ఇచ్చాడు కానీ డబ్బా ఊసెత్తలేదు.

బండిలో లోపాలను రాసిపెట్టేది, జర్మనీలో బండ్లను పరీక్షించే ట్యూఫ్ సంస్థ తనిఖీదారు. ఈ సంస్థ కార్ల కోసం పుట్టలేదు. 1865లో మాన్‌హైమ్‌లో ఒక బీరు ఫ్యాక్టరీ బాయిలర్ పేలింది. మరుసటి ఏడాది, ప్రభుత్వం అడగకముందే, బాయిలర్ల యజమానులే సంఘం పెట్టుకుని తనిఖీలు మొదలుపెట్టారు. అలాంటి సంఘాలే పెరిగి ట్యూఫ్ అయ్యాయి, 1951 నుంచి కార్లకు తనిఖీ తప్పనిసరి. 2025 జూన్ 30న పాశమైలారంలో పేలుడు జరిగి పదుల మంది కార్మికులు పోయిన రోజున మనవాడు ట్యూఫ్ చరిత్ర పేజీలే తిరగేస్తూ కూర్చున్నాడు. ఫోన్‌లో ఇంటి నుంచి మాట వచ్చేదాకా లేవలేదు.

మన వైపూ కార్ల కథ లేకపోలేదు. రాష్ట్ర ప్రభుత్వ కంపెనీ ఆల్విన్, నిస్సాన్‌తో కలిసి ఎనభైల్లో జహీరాబాద్‌లో చిన్న లారీలు చేసింది. ఆ చోటు మహీంద్రా చేతికి పోయి, ఇప్పుడక్కడ ట్రాక్టర్లు తయారవుతున్నాయి. ఇక్కడ ఫోక్స్‌వాగన్‌లో మాత్రం లోయర్ సాక్సనీ రాష్ట్రానికి ఇప్పటికీ 20 శాతం ఓటు ఉంది, అది అమ్ముకోలేదు. ఫోక్స్‌వాగన్ మన దగ్గరికీ వచ్చేదే. 2005లో విశాఖ ఫ్యాక్టరీ పేరిట మధ్యలో మొలిచిన కంపెనీకి సర్కారు 11 కోట్ల పైచిలుకు కట్టేసింది, ఫ్యాక్టరీ పుణె దగ్గరి చాకణ్‌కు పోయింది. ఆ పేరు చెబితే మన పెద్దవాళ్లకు ఇంజిన్ కన్నా ముందు ఆ కుంభకోణమే గుర్తొస్తుంది.

కొత్త అక్యుమ్యులేటర్ డబ్బా వచ్చింది, వేశాడు. బంకులో ఆపి, కాఫీ తాగి, తాళం తిప్పితే ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. ఆ వీడియో ఇంటికి పంపాడు. బాపు రెండుసార్లు చూసి, వెనక నుంచి లేచిన నీలం పొగను పట్టేశాడు. పొగ అంటే వాల్వు స్టెమ్ సీళ్లు అరిగాయి, ఆయిల్ సిలిండర్లోకి జారుతోంది. ఎనిమిదీ మార్చాలి.