యుద్ధకాలపు కాగితం, సంస్థానపు హామీ: ఉస్మానియా సిక్కా నోట్లు

హనుమకొండలోని సుబేదారికి ఆ పేరు వరంగల్ సుబా పాలనాధికారి అయిన సుబేదారు వల్ల వచ్చింది. 1886లో శంకుస్థాపన జరిగిన సుబేదారు బంగళా నేటికీ అక్కడ నిలిచి ఉంది. వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల రెవెన్యూ వ్యవహారాలు ఈ సుబా పర్యవేక్షణలో సాగేవి. నిజాం రాజ్యంలో చలామణిలో ఉన్నది హాలీ సిక్కా వెండి రూపాయి. 1918లో దాని సరసన కాగితపు నోటు చేరింది. దీనిని యుద్ధకాలపు తాత్కాలిక ఏర్పాటుగా మాత్రమే పరిగణించడం సమగ్రం కాదు.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో వెండి ధర పెరిగి, బ్రిటిష్ ఇండియా రూపాయిలోని లోహం విలువ దాని ముఖవిలువను మించింది. 1917 నవంబరు 30న బ్రిటిష్ ప్రభుత్వం ఒక రూపాయి నోటును విడుదల చేసింది. 1918లో అమెరికా పిట్‌మన్ చట్టం చేసి, దాదాపు 20 కోట్ల ఔన్సుల వెండిని భారతదేశం కోసం బ్రిటన్‌కు విక్రయించింది.

హైదరాబాద్ ప్రభుత్వం కాగితపు ద్రవ్యం కోసం అంతకుముందే ప్రయత్నించింది. అయితే సంస్థానాలు నోట్లు ముద్రించడాన్ని బ్రిటిష్ వారు అడ్డుకుంటూ వచ్చారు. వెండి కొరత, యుద్ధానికి నిజాం అందించిన సహాయం కలిసి ఆ అభ్యంతరాన్ని తొలగించాయి. 1918 నాటి చట్టం ప్రకారం 10, 100 రూపాయల నోట్లు, 1919లో 1, 5 రూపాయల నోట్లు వెలువడ్డాయి. అనగా యుద్ధం ఈ ఆలోచనకు జన్మనివ్వలేదు, అనుమతిని మాత్రమే తెచ్చిపెట్టింది.

వెండి నాణెం తన విలువను తనలోనే మోస్తుంది. నోటు విలువ ప్రభుత్వ హామీపై ఆధారపడుతుంది. శిస్తు కింద ఖజానా దానిని స్వీకరించినప్పుడే ఆ హామీ రైతుకు రుజువవుతుంది. ఈ దృష్ట్యా నోట్లపై భాషల అమరిక గమనార్హం. పాలనాభాష ఉర్దూ అయినప్పటికీ, నోటు విలువను తెలుగు, కన్నడ, మరాఠీ, ఆంగ్ల భాషలలోనూ ముద్రించారు. ప్రజల నమ్మకాన్ని కోరిన కాగితం ప్రజల లిపిని విస్మరించలేకపోయింది.

యుద్ధం ముగిసినా నోట్లు ఉపసంహరణకు గురికాలేదు. 1926లో 1000 రూపాయల నోటు వచ్చింది. 1942లో కార్యకలాపాలు ప్రారంభించిన హైదరాబాద్ స్టేట్ బ్యాంకు ద్రవ్య నిర్వహణను చేపట్టింది. 7 హాలీ రూపాయలు 6 కల్దారు రూపాయలకు సమానమన్న లెక్క సంస్థానం విలీనమైన తరువాత కూడా కొనసాగింది. 1959లో హాలీ సిక్కా చెల్లుబాటు రద్దయింది. ఆ విధంగా యుద్ధ అవసరంగా వెలువడిన కాగితం, దానిని జారీ చేసిన రాజ్యం కంటే ఎక్కువ కాలం మనగలిగింది.