తిమ్మిరి చేప, వెండి మేజోడు

విశాఖపట్నం జాలర్లు ఒక చేపకు పెట్టిన పేరు దగ్గర మొదలైంది ఈ వెతుకులాట. రక్తపింజరికి ఇంగ్లీషులో ఎవరి పేరుందో ఆ పాట్రిక్ రస్సెల్, విశాఖలో సేకరించిన 200 చేపల బొమ్మలతో 1803లో లండన్‌లో పుస్తకం వేశాడు. చేపల పేర్లు స్థానికులు చెప్పినవే రాసుకున్నాడు. తొలి పుటల్లోనే ‘టెమెరీ’, ‘నల్ల టెమెరీ’ కనిపించి ఎగిరి గంతేశాను. అవి మన తిమ్మిరి, నల్ల తిమ్మిరి! ముట్టుకుంటే షాక్ కొట్టే టేకు జాతి చేపలు. వీటిని గ్రీకులు నార్కె అన్నారు, రోమన్లు టోర్పెడో అన్నారు. ఆ రెండు మాటల అర్థమూ మొద్దుబారడమే. మూడు తీరాల వాళ్ల చేతులకూ ఒకటే అనుభవం.

క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో రోమన్ వైద్యుడు స్క్రిబోనియస్ లార్గస్ ఈ చేపనే మందు చేశాడు. గౌట్‌తో పాదం సలుపుతుంటే, బతికున్న నల్ల టోర్పెడోను కాలి కింద పెట్టుకుని, అలలు తడిపే ఒడ్డున మోకాలి దాకా తిమ్మిరెక్కేవరకు నిలబడమన్నాడు. పాదానికి కరెంటు వైద్యం అప్పటిది.

ఆ తర్వాతి పదిహేడు వందల ఏళ్లను ఒక్క అంగలో దాటేస్తాను. నా మనసంతా ఇటలీలోని బొలోన్యాలో ఉంది. అక్కడ లుయీజీ గాల్వానీ చచ్చిన కప్ప కాలు అదరడం చూసి, జీవుల ఒంట్లోనే విద్యుత్తు ఉందని 1791లో ప్రకటించాడు. కాదు, కప్ప కాలు అదిరింది నువ్వు తగిలించిన లోహాల వల్లే అన్నాడు భౌతిక శాస్త్రవేత్త వోల్టా. అయితే లోహమే వద్దని, కోసిన నరం కొసను కండకు తాకించి కాలు అదిరేలా చేసి చూపించారు గాల్వానీ పక్షం వాళ్లు. గాయమైన చోటు నుంచి కరెంటు వస్తోందన్నమాట! కానీ వినేవాళ్లేరీ? నెపోలియన్ స్థాపించిన ప్రభుత్వానికి విధేయత ప్రమాణం చేయనన్నందుకు గాల్వానీ కొలువు పోయింది. 1798లో కన్నుమూశాడు. రెండేళ్లకు వోల్టా బ్యాటరీ వచ్చి లోకాన్ని తనవైపు తిప్పుకుంది.

ఆ దారం మళ్లీ అందుకున్నవాడు బెర్లిన్‌లో ఎమీల్ డుబ్వా రేమోన్. అతి సన్నని కరెంటును పట్టేందుకు వేల చుట్ల తీగతో గాల్వానోమీటర్ తయారుచేసుకున్నాడు. 1840లలో తన వేలు తానే కోసుకుని, ఆ గాయం నుంచి ప్రవహిస్తున్న కరెంటును కొలిచాడు. ఇంత అద్భుతాన్ని శతాబ్దానికి పైగా పక్కన పడేశాం. ఆ సందులో సర్వరోగ నివారిణి అంటూ కరెంటు బెల్టులమ్మినవాళ్లు విద్యుత్ వైద్యం పరువు తీశారు. బూటకంతో పాటు నిజాన్నీ పారబోశామే అని నాకు బాధ.

మన చర్మమే ఒక బ్యాటరీ. పైపొర కణాలు సోడియం అయాన్లను లోపలికి తోడుతుంటాయి. చర్మం తెగితే ఆ తెగిన చోట కరెంటు కారుతుంది, దాని దిశను బట్టి అంచు కణాలు గాయం మధ్యకు పాకుతాయి. 2006లో మిన్ జావో బృందం విద్యుత్ క్షేత్రాన్ని తిప్పేస్తే కణాలూ వెనక్కి తిరిగాయి.

మళ్లీ పాదం దగ్గరకు వద్దాం. షుగర్ వ్యాధిలో నరాలు దెబ్బతింటే ముందు తిమ్మిర్లు, తర్వాత స్పర్శే ఉండదు. చెప్పులో రాయి గుచ్చుకుని పుండు పడ్డా తెలియదు. స్పర్శ లేకపోవడం ఎంత ప్రమాదమో వెల్లూరులో కుష్ఠు రోగులను చూసి గ్రహించినవాడు డాక్టర్ పాల్ బ్రాండ్. నిద్రలో ఎలుకలు వేళ్లు కొరికినా వాళ్లకు మెలకువ రాలేదు. అందుకని రోగులకు పిల్లుల్నిచ్చి కాపలా పెట్టించాడు. ఆ పాఠమే తర్వాత అమెరికాలో షుగర్ పాదాలకు పనికొచ్చింది.

అక్కడే 2001లో వెలువడిన ఒక పరీక్షలో అలాంటి పుండున్న 40 మంది పాల్గొన్నారు. రాత్రిపూట వెండి పూత దారపు మేజోడు ద్వారా పాదానికి సన్నటి కరెంటు ఇచ్చారు. 12 వారాల్లో కరెంటు అందినవారిలో 65 శాతం, ఉత్తుత్తి యంత్రం పెట్టినవారిలో 35 శాతం మందికి పుండు మానింది. చిన్న పరీక్ష ఇది. పుండు మీద బరువు పడకుండా చూడటం, ఇన్ఫెక్షన్ తగ్గించడం, రక్తప్రసరణ సరిచేయడం, ఇవన్నీ వదిలి కరెంటు వైపు పోవద్దని పాద వైద్య నిపుణుల అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అదీ నిజమే.

తిమ్మిరెక్కడం కోసం చేప మీద నిలబడ్డ పాదం రోమన్లది. తిమ్మిరే రోగమైన పాదం మనది. ఇంట్లో పెద్దవాళ్లు “కాళ్లు తిమ్మిర్లురా” అంటే వయసు మీదపడిందని కొట్టిపారేస్తాం. ఆ మాట వినగానే విశాఖ జాలరి వల దగ్గర చెయ్యి వెనక్కి తీసుకునేవాడు. మనం వంగి ఆ పాదాన్ని చేతుల్లోకి తీసుకుని చూడాలి.