బచ్చలి

ఉష్ణమండలంలో పెరిగే బహువార్షిక తీగ, ఆకుకూర. శాస్త్రీయ నామం బసెల్లా ఆల్బా, కుటుంబం బసెల్లేసీ. తీగ బచ్చలి అనీ అంటారు. దక్షిణ, ఆగ్నేయాసియా దేశాల్లో విరివిగా పండిస్తారు. ఇలాంటి ఆకుకూరే అయినా పాలకూరది వేరే కుటుంబం.

వర్ణన: కాడలు నున్నగా, నీరు పట్టి ఉంటాయి. ఆకులు దళసరిగా, హృదయాకారంలో ఉంటాయి; నలిపితే జిగురు వస్తుంది. పూలు చిన్నవి, తెల్లగానో లేత గులాబీ రంగులోనో ఉండి పూర్తిగా విచ్చుకోవు. పండ్లు ముదురు ఊదా రంగువి. చిదిమితే వేళ్లకు రంగు అంటుకుంటుంది. బీట్‌రూట్‌లో లాగే ఇందులోనూ ఉండేవి బీటలైన్ వర్ణకాలు. కాడ ఎర్రగా ఉండే రకం ఎర్ర బచ్చలి. 1753లో వృక్షశాస్త్రవేత్త లినేయస్ దీన్ని వేరే జాతిగా పేర్కొన్నా, ఇప్పుడు రెంటినీ ఒకే జాతిగా చూస్తున్నారు.

సాగు: విత్తనంతోనూ, కాడ ముక్కతోనూ మొలుస్తుంది. పందిరికో దడికో పాకిస్తారు. వేడి, తేమ కావాలి, మంచుకు తట్టుకోదు. కొసలు తుంచేకొద్దీ పక్క కొమ్మలు వేస్తుంది.

వంటలు: బచ్చలి పప్పు, పులుసు, బజ్జీలు తెలుగువారికి పరిచితం. గోదావరి జిల్లాల పెళ్లి భోజనాల్లో కంద బచ్చలి కూర పేరున్న వంటకం. కంద ముక్కలు, బచ్చలి ఉడికించి, చింతపండు రసం, పోపు వేసి, కూర చల్లారాక ఆవ ముద్ద కలుపుతారు. వేడి మీద కలిపితే చేదెక్కుతుంది. బెంగాలీలు బచ్చలిని పుయిఁ శాక్ అంటారు, రొయ్యలతో వండుతారు.

పోషకాలు: ఎ, సి విటమిన్లు, కాల్షియం, ఇనుము ఉంటాయి. ఆక్సలేట్లు కూడా ఉన్నందున మూత్రపిండాల్లో రాళ్లున్నవారు మితంగా తినాలి.