శోషరస నాళాలు
శోషరస నాళాలు లేదా లింఫు నాళాలు కణజాలాలలో మిగిలిన ద్రవాన్ని శోషరస గ్రంథుల గుండా తిరిగి రక్తంలోకి చేర్చే నాళాలు.

సూక్ష్మ నిర్మాణం
శోషరస కేశనాళికల గోడలో ఒకే వరుస ఎండోథీలియం కణాలుంటాయి. ఒకదానిపై ఒకటి పరచుకొన్న వీటి అంచులు ద్రవాన్ని లోనికి మాత్రమే రానిస్తాయి. పెద్ద నాళాలలో నునుపు కండరాలు, కవాటాలు ఉంటాయి. శోషరస గ్రంథిలోకి అనేక అభివాహి నాళాలు ప్రవేశిస్తాయి. అపవాహి నాళాలు ఒకటి రెండే వెలువడతాయి. నడుమ ఉన్న కోటరాలలో మాక్రోఫేజ్ కణాలు సూక్ష్మజీవులను పట్టుకొంటాయి. థైమస్ గ్రంథికి అపవాహి నాళాలు మాత్రమే ఉంటాయి.

వ్యాధి
కృష్ణా డెల్టాతో సహా కోస్తా ఆంధ్రలో చిరకాలంగా కనిపించే బోదకాలు ఈ నాళాలకు వచ్చే వ్యాధి. క్యూలెక్స్ దోమ ద్వారా సోకే ఫైలేరియా పురుగులు వీటిలో నివసించడం వలన నాళాలు వ్యాకోచించి, కవాటాలు పనిచేయక, ద్రవం కాలిలో నిలిచిపోతుంది. భారతదేశంలో 2004లో సామూహిక మందుల పంపిణీ మొదలైంది. మందులు రక్తంలోని మైక్రోఫైలేరియాలను నశింపజేస్తాయి గాని, పాడైన కవాటాలను బాగుచేయలేవు. కాబట్టి వాపు రాకముందే మందు వేసుకోవడం ముఖ్యం.