జానీ అనే గుర్రం, ఆక్రిమ్ పాట

జేమ్స్ జాయిస్ ‘ది డెడ్’ గురించి మాట్లాడేవాళ్ళందరూ చివరి పేజీలో కురిసే మంచు దగ్గరికి పరిగెడతారు. తప్పేం లేదు, ఆ పేజీ అలాంటిది. కానీ మళ్ళీ మళ్ళీ చదివేకొద్దీ నన్ను నిలబెట్టేస్తున్నది మంచు కాదు, ఒక గుర్రం.

డబ్లిన్‌లో ముసలి పిన్నమ్మల ఇంట్లో క్రిస్మస్ రోజుల విందు. తింటం అయిపోయింది, అందరూ కోట్లు తొడుక్కుంటున్నారు. మేనల్లుడు గేబ్రియల్ కాన్రాయ్ తన తాతగారి గుర్రం జానీ కథ ఎత్తుకుంటాడు. మిల్లులో గానుగెద్దులా గుండ్రంగా తిరగడమే జానీ ఉద్యోగం. ఒకరోజు పెద్దాయన దర్జాగా బండి కట్టించుకుని మిలిటరీ పరేడ్ చూడ్డానికి బయల్దేరాడు. దారిలో కింగ్ విలియం విగ్రహం కనపడింది. అంతే, జానీ దాని చుట్టూ తిరగడం మొదలెట్టింది. ఎంత అదిలించినా ఆగదే! గేబ్రియల్ హాల్లో గుండ్రంగా నడిచి మరీ చూపిస్తాడు. అందరూ పడీపడీ నవ్వుతారు.

ఆ విలియం ఎవరో తెలిస్తే నవ్వు కాస్త తగ్గుతుంది. 1690లో బోయ్న్ నది దగ్గర కాథలిక్ రాజు జేమ్స్‌ని ఓడించిన ప్రొటెస్టెంట్ రాజు, మూడో విలియం. కాలేజ్ గ్రీన్‌లో ఆయన విగ్రహం 1701లో పెట్టారు. పేల్చేసింది 1928లో. మధ్యలో రెండు వందల ఏళ్ళకి పైగా డబ్లిన్ దాని చుట్టూనే తిరిగింది. ఇది తెలివైన ప్రతీక, కొంచెం తెలివి ఎక్కువైన ప్రతీక కూడా. జాయిస్ అక్కడితో ఆగుంటే ఇంత గొప్ప కథ అయ్యేది కాదు.

రెండు మూడు పేజీలు తిప్పండి. గేబ్రియల్ భార్య గ్రెటా మెట్ల మీద చీకట్లో నిలబడి, పైగదిలోంచి వస్తున్న పాట వింటూ ఉంటుంది. పాట పేరు ‘ది లాస్ ఆఫ్ ఆక్రిమ్’. ఒక దొర మోసం చేసిన పల్లెటూరి పిల్ల, చచ్చిపోయిన పసిబిడ్డతో వానలో అతని గుమ్మం ముందు నిలబడి తలుపు తియ్యమంటుంది. స్కాట్లండ్ నుంచి వచ్చిన పాట ఇది. ఐర్లండ్‌లో ఊరి పేరు మార్చుకుంది. ఆ కొత్త ఊరు ఏదంటే, పడమటి గాల్వే జిల్లాలోని ఆక్రిమ్. 1691 జులైలో విలియం సైన్యం ఆ యుద్ధానికి దాదాపు ముగింపు పలికింది అక్కడే. ఒక్కరోజులో వేలమంది చనిపోయారు. కింద హాల్లో విలియం విగ్రహం మీద జోకు, ఇంకాసేపటికి మెట్ల మీద ఆక్రిమ్ పాట. చరిత్రని గేబ్రియల్ ఫన్నీ కథగా చెప్తే, గ్రెటా పాటగా వింటోంది. ఆమె ముఖం చూసి అతనికి అందమైన పెయింటింగ్‌లా అనిపిస్తుంది. ఆమె ఏం వింటోందో మాత్రం తట్టదు.

తట్టకపోవడానికి కారణం కథ మధ్యలో ఉంది. మిస్ ఐవర్స్ అతనితో డాన్స్ చేస్తూ, వేసవిలో పడమటి అరాన్ దీవులకి రమ్మంటుంది. గేలిక్ లీగ్ 1893లో పుట్టిన తర్వాత ఇలాంటి చదువుకున్న అమ్మాయిలు డబ్లిన్‌లో కనపడసాగారు. 1845 నుంచి బంగాళాదుంప తెగులుతో పదిలక్షల మంది దాకా చచ్చిపోయిన కరువులో అన్నిటికంటే ఎక్కువ దెబ్బతిన్నది పడమరే. ఐరిష్ భాష కొనఊపిరితో మిగిలింది కూడా ఎక్కువగా అక్కడే. గేబ్రియల్ మాత్రం ఫ్రాన్సో బెల్జియమో వెళ్ళి సైకిల్ తొక్కుతానంటాడు, ఐరిష్ తన భాష కాదంటాడు. బ్రిటిష్ పక్షపాత పత్రిక ‘డైలీ ఎక్స్‌ప్రెస్’కి పుస్తక సమీక్షలు రాస్తాడని ఆమె అతన్ని ‘వెస్ట్ బ్రిటన్’ అని వెక్కిరిస్తుంది. ఇంగ్లీషులో చదువుకుని ఇంగ్లీషులో బతికే మనలాంటివాళ్ళకి ఆ మాట కొంచెం చురుక్కుమంటుంది.

జాయిస్ పార్టీలో ఎటు నిలబడ్డాడు? ఆ పత్రికలో సమీక్షలు రాసింది నిజానికి జాయిసే, 1902-03లో. పడమటి జానపదాల మీద లేడీ గ్రెగరీ వేసిన పుస్తకాన్ని అందులోనే దులిపేశాడు. ఆ పని ఇప్పించింది ఆమే! పాట్రిక్ పియర్స్ దగ్గర ఐరిష్ క్లాసులకి వెళ్ళి మానేశాడు. అంటే ఊరు వదిలి వెళ్ళకపోతే జాయిస్ ఏమయ్యేవాడో, అది గేబ్రియల్. కానీ 1904లో జాయిస్ ఊరు వదిలింది గాల్వే అమ్మాయి నోరా బార్నకల్‌తో. ఆమె కోసం ఒకప్పుడు జబ్బు ఒంటితో వానలో వచ్చి నిలబడ్డ మైకేల్ బాడ్కిన్ అనే కుర్రాడు చిన్న వయసులోనే పోయాడు. కథలో అతనే మైకేల్ ఫ్యూరీ అయ్యాడు.

చిన్న పక్కదారి. అదే 1904 వేసవిలో జాయిస్ కొన్ని రాత్రులు తలదాచుకున్నది జేమ్స్ కజిన్స్ దంపతుల ఇంట్లో. కజిన్స్ భార్య మార్గరెట్‌ది పడమటి కానాక్ట్‌లోని బాయిల్ అనే ఊరు, ఆమెని గ్రెటా అనేవాళ్ళు. తర్వాత ఇద్దరూ ఇండియా వచ్చారు. 1919లో మదనపల్లెలో టాగోర్ ‘జనగణమన’కి స్వరలిపి రాసింది ఈ గ్రెటానే. పేరు కలవడం యాదృచ్ఛికమే కావచ్చు, నాకు మాత్రం మదనపల్లె పేరు వింటే ఈ కథ గుర్తొస్తుంది.

1906-07లో జాయిస్ రోమ్‌లో బ్యాంకు గుమాస్తా. రోజంతా ఇతరుల ఉత్తరాలు రాయడం, రాత్రికి తన రాత. (ఈ టైమ్‌టేబుల్ మనలో కొందరికి కొత్తేం కాదు.) అప్పటిదాకా రాసిన కథల్లో డబ్లిన్ పట్ల మరీ కఠినంగా ఉన్నానని, ఆ ఊరి ఆతిథ్యాన్ని ఎక్కడా చూపించలేదని తమ్ముడికి రాశాడు. 1907 జనవరిలో, పడమటి పల్లెటూళ్ళ మీద సింగ్ రాసిన నాటకం ఆడుతుంటే ఆబీ థియేటర్లో గొడవలయ్యాయి. ఆ వార్తలు ‘ది డెడ్’ రాసే మూడ్‌ని చెడగొట్టాయని వాపోయాడు. వీధిలో ‘అసలైన పడమర’ ఎవరిదని కొట్టుకుంటున్నారు. జాయిస్ ఇంట్లోనేమో ఆ పడమర నుంచి వచ్చిన మనిషే ఉంది. కథ 1907లో ట్రియెస్ట్‌లో పూర్తయింది.

అందుకే హోటల్ గదిలో జరిగేదాన్ని ఒట్టి మొగుడి అసూయగా చదివితే సగమే అందుతుంది. కరెంటు లేదు. పోర్టర్ కొవ్వొత్తి తెస్తే గేబ్రియల్ వద్దంటాడు, వీధిదీపం వెలుగు చాలంటాడు. మోహంతో ఉన్నాడు పాపం. గ్రెటా ఏడుస్తూ ఫ్యూరీ సంగతి చెప్తుంది. ఏం చేసేవాడని ఇతను వ్యంగ్యంగా అడుగుతాడు. గ్యాస్ కంపెనీలో పనిచేసేవాడంటుంది. ఆ వెక్కిరింత అతని నోట్లోనే ఆరిపోతుంది. ఎలా చనిపోయాడంటే, నా కోసం చనిపోయాడనుకుంటానంటుంది.

సాయంత్రం నుంచి ఆడవాళ్ళ చేతిలో ఇది మూడో దెబ్బ. పనిపిల్ల లిలీ మగాళ్ళ గురించి కటువుగా అన్నప్పుడు చేతిలో నాణెం పెట్టి తప్పించుకున్నాడు. మిస్ ఐవర్స్‌కి విందు ఉపన్యాసంలో జవాబు చెప్పొచ్చనుకుంటే ఆమె ముందే వెళ్ళిపోయింది. గ్రెటాకి ఇవ్వడానికి నాణెమూ లేదు, ఉపన్యాసమూ లేదు. ఆమె నిద్రపోయింది. సెలవులకి రానన్న పడమటికి అతను ఇప్పుడు మనసులో బయల్దేరాల్సి వస్తుంది. అక్కడ ఎదురయ్యేది గేలిక్ లీగ్ పోస్టర్‌లోని పడమర కాదు, పదిహేడేళ్ళ గ్యాస్ కంపెనీ కుర్రాడి సమాధి.

కథలో ఆ సమాధి ఊక్టరార్డ్‌లో ఉంటుంది. అసలు బాడ్కిన్‌ని పూడ్చింది గాల్వే పక్కన రహూన్‌లో. 1912 వేసవిలో జాయిస్ రహూన్ వెళ్ళాడు. ఒక ఆదివారం సైకిలేసుకుని ఊక్టరార్డ్ కూడా వెళ్ళాడు. తాను ఊహించి రాసిన శ్మశానం అచ్చం అలాగే ఉందట. అక్కడొక సమాధిరాయి మీద జె. జాయిస్ అని ఉందని తమ్ముడికి ఉత్తరం రాశాడు.