చెవి ఒగ్గినవారి చరిత్ర



అనకాపల్లిలో నేను వైద్యం చేసిన రోజులలో తలనొప్పి, కడుపులో మంట, నిద్రలేమి అంటూ ఎందరో యువతీయువకులు వచ్చేవారు. పరీక్షలలో ఏ దోషమూ కనబడేది కాదు. మందు రాసి పంపితే పది రోజులకు మళ్ళీ వచ్చేవారు. వెంట వచ్చిన పెద్దలను కాసేపు బయట కూర్చోబెట్టి, కలం పక్కన పెట్టి, “ఇంకేమిటి బాబూ?” అని అడిగిననాడే అసలు బాధ బయటపడేది. పరీక్ష తప్పడం, దొరకని ఉద్యోగం, తాను ఎవరికీ అక్కరలేదన్న భావన! అలా అడిగి వినడం కూడా చికిత్సేనని లోకం గుర్తించడానికి చాలా కాలం పట్టింది. ఆ చరిత్రను మీతో పంచుకోవాలని ఈ వ్యాసం.

1935లో ఇంగ్లండులోని లింకన్ నగరంలో చాడ్ వారా అనే యువ మతాచార్యుడు ఒక బాలికకు అంత్యక్రియలు జరిపించారు. తొలిసారి రజస్వల అయిన ఆ పిల్ల, తనకేదో సుఖవ్యాధి సోకిందని భయపడి ప్రాణం తీసుకున్నది. అడగడానికి ఆమెకు ఒక్క మనిషి లేకపోయాడు. ఆ దుఃఖం ఆయనను విడిచిపెట్టలేదు.

1953 నవంబరు 2న లండన్‌లోని సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రూక్ చర్చిలో, నిస్పృహలో ఉన్నవారు ఎవరైనా మాట్లాడవచ్చునంటూ ఆయన ఒక టెలిఫోను సేవను ప్రారంభించారు. నేరుగా వచ్చినవారు తమ వంతు కోసం వేచి ఉన్నప్పుడు స్వచ్ఛంద సేవకులు టీ ఇచ్చి, పక్కన కూర్చొని కబుర్లు వినేవారు. చిత్రమేమంటే, చాలామంది ఆ మాటలతోనే తేలికపడి, ఆయనను కలవకుండానే వెళ్ళిపోయేవారు. అది గమనించిన వారా, 1954 ఫిబ్రవరిలో వినే బాధ్యతను ఆ సామాన్యులకే అప్పగించారు. సమారిటన్స్ సంస్థ అలా రూపుదిద్దుకున్నది.

మన దేశంలో 1986లో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ చెన్నైలో ‘స్నేహ’ను స్థాపించారు. 1997లో హైదరాబాదులో ‘రోష్ని’ మొదలైంది. అయితే ప్రాణం తీసుకోబోయి బ్రతికినవారిని భారతీయ శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్ నేరస్థులుగానే చూసేది. కేసు భయంతో, పరువు భయంతో కుటుంబాలు నోరు మెదిపేవి కావు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ దృష్టిని మార్చింది. అటువంటి వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లు భావించాలని, అతనికి సంరక్షణ కల్పించడం ప్రభుత్వ విధి అని చెప్పింది. చట్టం మారినా ఇళ్ళలోని మౌనం పూర్తిగా తొలగలేదు. 2019లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాల తరువాత 20 మందికి పైగా విద్యార్థులను పోగొట్టుకున్నాము.

ఈ చరిత్ర నాకు నేర్పినది ఒక్కటే. వినడానికి డిగ్రీ అక్కరలేదు, ఓపిక కావాలి. మన ఊరివారికి ఓపిక కొత్త కాదు. చెరకు రసం బెల్లం కావాలంటే, పైకి తేలిన మలినాన్ని తీసివేస్తూ, పాకం కుదిరేదాకా పొయ్యి దగ్గర నిలబడవలసిందే. పిల్లల మాట కూడా అంతే. మధ్యలో అందుకొని “మా కాలంలో...” అని మొదలుపెడితే పాకం చెడుతుంది. సలహా అడిగినప్పుడు ఇవ్వండి. అంతవరకు వినండి.

“చచ్చిపోవాలనిపిస్తోందా?” అని నెమ్మదిగా అడగడానికి జంకకండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు, దాచుకున్న బరువు దిగుతుంది. అవునంటే వారిని ఒంటరిగా వదలక, వెంటనే వైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరులో రాత్రింబవళ్ళు ఉచితంగా లభిస్తుంది. తెలుగులోనే మాట్లాడవచ్చు.

మనసు కుదుటపడిన తరువాత ఆ యువకునికి ఒక చిన్న బాధ్యత అప్పగించండి. పక్కింటి పిల్లవాడికి లెక్కలు చెప్పడం కావచ్చు, చూపు తగ్గిన తాతగారికి పత్రిక చదివి వినిపించడం కావచ్చు. తన కోసం ఒకరు ఎదురుచూస్తున్నారన్న ఎరుకతోనే నేను ఈ ఊరివాడిననే భావం మొలకెత్తుతుంది.

ఈ రాత్రి భోజనాల వేళ మీ ఇంటి పిల్లలను మార్కుల గురించి కాక, “ఎలా ఉన్నావమ్మా?” అని అడగండి. జవాబు వచ్చేదాకా ఆగండి.