కదలని ఇల్లు

చికాగోలో లింకన్ పార్కు చూసొచ్చినవాళ్ళు అక్కడి జంతువుల గురించీ, పూలమొక్కల గురించీ ఊరంతా చెబుతారు గాని, దక్షిణం కొసన మ్యూజియం వెనకాల ఇనపకంచె మధ్యనున్న బూడిదరంగు రాతిగది మాట ఎవరూ ఎత్తరు. మా అమ్మాయి చూపించకపోతే నాకూ తెలిసేది కాదు. తలుపుపైన రాతిమీద "కౌచ్" అని ఇంటిపేరు చెక్కి ఉంది, అచ్చం మనం గుమ్మం మీద పేరు రాయించుకున్నట్టు.

"సమాధి అమ్మా" అంది మా అమ్మాయి.

మా వైపు ఆడవాళ్ళం శ్మశానం ఛాయలకి వెళ్ళం కదా. "అయితే ఇంటికెళ్ళి తలకి పోసుకోవాలే" అన్నాను. "అలా అయితే ఈ పార్కుకి వచ్చినవాళ్ళంతా పోసుకోవాలి" అంది నవ్వుతూ. నిజమేనట. పార్కులో ఈ దక్షిణపు భాగమంతా ఒకప్పుడు ఊరి శ్మశానమే. 1843లో మిషిగన్ సరస్సు ఒడ్డున ఏర్పాటు చేశారు.

ఈ ఐరా కౌచ్ 1836లో, చికాగో ఇంకా నగరం అనిపించుకోకముందే, సోదరుడు జేమ్స్‌తో వచ్చి హోటలు నడిపి బాగుపడ్డవాడు. ఆ హోటలు పేరు ట్రెమాంట్ హౌస్. 1839లో ఒకసారి తగలబడింది. మళ్ళీ కట్టారు. 1849లో మళ్ళీ తగలబడింది. ఈసారి కర్రని నమ్మకుండా ఇటుకతో కట్టి 1850లో తెరిచారు. ఏం పట్టుదలండీ ఆ మనుషులది! ఐరా 1857లో క్యూబాలో పోయాడు. హోటలుకి ప్లాను గీసిన వాన్ ఓస్డెలే మరుసటేడు ఈ సమాధీ కట్టాడు. ఖర్చు ఏడువేల డాలర్లని చెబుతారు.

అన్నట్టు ఆ హోటలు గురించి ఒక వింత చెప్పకుండా ఉండలేను. చికాగో పల్లపు నేల. మురుగు పోయే దారి లేక వీధులన్నీ బురద, ఏటా కలరా భయం. అందుకని మురుగుగొట్టాలు నేలమీదే వేసి, వాటిపైన మట్టిపోసి, వీధుల్నే ఎత్తు చేసుకున్నారు. మరి అప్పటికే ఉన్న భవనాల మాటేమిటి? వాటినీ జాకీలు పెట్టి ఎత్తేశారు! 1861లో ట్రెమాంట్ హౌస్‌ని అలాగే ఆరడుగులు పైకి లేపారు, లోపల బస చేసినవాళ్ళు బస చేస్తుండగానే. గ్లాసులో కాఫీ తొణికిందో లేదో గాని, హోటలు మాత్రం పైకి లేచింది.

ఆ రోజుల్లోనే జాన్ రౌచ్ అనే డాక్టరు, ఇసకనేలలో పాతిన శవాల కలుషం సరస్సులోకి దిగుతుంది, మనం తాగేదీ ఆ నీళ్ళేనంటూ శ్మశానం మీద పోరు పెట్టాడు. ఇంకా వాడని కొంత భాగాన్ని 1860లో పార్కుకి విడిచారు. 1865లో లింకన్ హత్య జరిగాక ఆయన పేరు పెట్టారు. తరవాత సమాధులు తవ్వి, ఉన్నవాళ్ళని ఊరవతలి కొత్త శ్మశానాలకి తరలించడం మొదలైంది.

ఈలోగా 1871 అక్టోబరులో ఊరు కాలింది. చేతికందిన మూటలతో, పిల్లల్ని చంకనేసుకుని జనం పరుగెత్తింది ఈ శ్మశానంలోకే. బతికున్నవాళ్ళు చచ్చినవాళ్ళ మధ్య తలదాచుకున్నారు. మంట అక్కడికీ వచ్చింది. బీదవాళ్ళ సమాధుల మీద రాళ్ళు లేవు, కర్రపలకలే. అవి కాలిపోయాక ఎవరి బిడ్డ ఎక్కడుందో చెప్పే ఆనవాలు లేకుండా పోయింది. ఇది చదివినప్పుడు నాకు ఆ తల్లులే కళ్ళముందు మెదిలారు. మా ఇళ్ళలో అస్థికలు గోదావరిలో కలిపేస్తాం. మిగిలేది చోటు కాదు, తిథి. ఆ తల్లులకి చోటే సర్వస్వం, ఆ చోటు కాస్తా బూడిదైంది.

మూడుసార్లు కట్టిన హోటలూ ఆ మంటల్లోనే పోయింది. రాతిగది మాత్రం నిలిచింది. కౌచ్ కుటుంబం కోర్టుకెక్కి గెలిచి దాన్ని కదలనివ్వలేదని కథ చెప్పుకుంటారు. అంత బరువు రాళ్ళు విప్పి తీసుకుపోవడానికి అయ్యే ఖర్చుకి జడిసి వదిలేశారన్న మాటే నాకు నమ్మబుద్ధవుతోంది. కనబడకుండా చుట్టూ చెట్లు నాటారట! లోపల ఎందరున్నారన్న దానికి తలోమాట వినిపిస్తుంది. తలుపు మాత్రం నూరేళ్ళకి పైగా తెరవలేదంటారు.

పేరులేనివాళ్ళు వేలల్లో ఇంకా ఆ పచ్చిక కిందే ఉన్నారు. అనాథశవాల్ని పాతిన జాగాలో ఇప్పుడు బేస్‌బాల్ ఆడతారు. 1998లో మ్యూజియం పక్కన కార్లు నిలిపే కట్టడం కోసం తవ్వుతుంటే 81 మంది అవశేషాలు బయటపడ్డాయి.